ఎంత పనిచేస్తే చాలు? ఆంద్రే గోర్జ్ ఆలోచనల్లో వచ్చిన మార్పులు

1980లో పారిస్‌లో వెలువడిన ‘కార్మికవర్గానికి వీడ్కోలు’ అనే పుస్తకం ఫ్రెంచి వామపక్షాన్ని బాగా నొప్పించింది. పెట్టుబడిదారీ విధానాన్ని సమర్థించేవాడు ఎవడైనా ఆ మాట అని ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు. అన్నది ఆంద్రే గోర్జ్, తత్వవేత్త, పాత్రికేయుడు. ఏళ్ల తరబడి ఫ్రెంచి తత్వవేత్త జాన్ పాల్ సార్త్ర్ పత్రికలో రాసినవాడు, కార్మిక సంఘాల వ్యూహం మీద ఏకంగా ఒక పుస్తకమే రాసినవాడు. అలాంటి మనిషి, కార్మికవర్గం ఉత్పత్తి సాధనాలను చేజిక్కించుకుని సమాజాన్ని విముక్తి చేస్తుందన్న నమ్మకానికి ఇక కాలం చెల్లిందని తేల్చేశాడు. పెట్టుబడి మీద విమర్శను మాత్రం వదల్లేదు. ఆ విమర్శను ఇంకా లోతుకు తీసుకెళ్లాలంటే ఈ నమ్మకం అడ్డుగా ఉందన్నదే ఆయన వాదన.

యాభై ఏళ్ల రచనలో గోర్జ్ అభిప్రాయాలు చాలాసార్లు మారాయి. అస్తిత్వవాదం (తన బతుక్కి అర్థం మనిషే ఎంచుకోవాలనే సార్త్ర్ తత్వం) నుంచి మార్క్సిజానికి, అక్కడి నుంచి పర్యావరణ రాజకీయాలకు, పని గంటల తగ్గింపుకు, చివరికి షరతుల్లేని కనీసాదాయానికి వచ్చాడు. వరుసగా చదివితే ఇది మాట మీద నిలబడని మనిషి చరిత్రలా అనిపించవచ్చు. అది నిజం కాదు. మొదటి నుంచి చివరిదాకా ఆయన్ను పట్టి పీడించింది ఒకే ప్రశ్న: మనిషి తన కాలాన్ని, తన అవసరాలను తానే నిర్ణయించుకోగలుగుతున్నాడా? ఆ ప్రశ్నకు దొరికిన జవాబు సరిపోదని తేలినప్పుడల్లా దాన్ని పక్కనపెట్టి ఇంకోటి వెతికాడు.

ఆ ప్రశ్న ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు. 1923 ఫిబ్రవరిలో వియన్నాలో పుట్టినప్పుడు ఆయన పేరు గెర్హార్ట్ హిర్ష్. తండ్రి యూదుడు, కలప వ్యాపారి. తల్లి క్యాథలిక్. యూదు వ్యతిరేకత ముదురుతున్న ఆ కాలంలో తండ్రి 1930లో మతం మార్చుకున్నాడు, ఇంటిపేరు హోర్స్ట్ అయింది. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాడు. కొడుకు జర్మన్ సైన్యంలో చేరాల్సి వస్తుందన్న భయంతో తల్లి అతణ్ని 1939లో స్విట్జర్లాండ్‌లోని బోర్డింగ్ స్కూలుకు పంపింది. అటు పూర్తిగా యూదుడు కాదు, ఇటు పూర్తిగా జర్మన్ కాదు. ఏ గుంపులోనూ ఇమడని ఆ కుర్రాడు మాతృభాషనే పక్కనపెట్టి ఫ్రెంచిలో ఆలోచించడం నేర్చుకున్నాడు. లొజాన్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివాడు. ఫ్యాక్టరీ యంత్రాల గురించి, సాంకేతికత గురించి ఆయన రాసినవి చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తత్వవేత్తల్లో చాలామందికి లేని అవగాహన అది.

1946లో సార్త్ర్ లొజాన్ వచ్చినప్పుడు పరిచయమైంది. మరుసటి ఏడాది డోరీన్ అనే ఆంగ్ల యువతిని కలిశాడు, 1949లో పెళ్లి చేసుకుని ఇద్దరూ పారిస్ చేరారు. మొదట్లో చేతిలో డబ్బు లేదు. కొన్నాళ్లు అక్కడి భారత రాయబార కార్యాలయంలో సైనిక అధికారికి ప్రైవేటు సెక్రటరీగా కూడా పనిచేశాడు. తర్వాత జర్నలిజంలోకి వచ్చాడు. మిషెల్ బోస్కే అనే పేరుతో ‘లెక్స్‌ప్రెస్’లో ఆర్థిక విషయాలు రాశాడు. 1964లో జాన్ డానియెల్ తదితరులతో కలిసి ‘నూవెల్ ఒబ్సెర్వాతర్’ వారపత్రికను స్థాపించినవాళ్లలో ఆయనా ఒకడు. పగలు బోస్కే పేరుతో పరిశ్రమల లెక్కలు, ధరలు, కరెంటు విధానాలు. రాత్రి గోర్జ్ పేరుతో తత్వశాస్త్రం. ఒక పని ఇంకో పనికి మేలే చేసింది. ఆయన తాత్విక రచనల్లో గాల్లో తేలే వాక్యాలు తక్కువ.

1958లో ‘ద్రోహి’ వచ్చింది. సార్త్ర్ ముందుమాట రాసిన ఈ పుస్తకం ఆత్మకథలా కనిపిస్తుంది గానీ నిజానికి ఒక తాత్విక పరిశోధన. మనిషికి సమాజం ఒక పాత్ర అంటగడుతుంది, మనిషి ఆ పాత్రలో ఎప్పటికీ పూర్తిగా ఇమడడు. ఆ ఇమడకపోవడమే స్వేచ్ఛకు ఆధారం. గోర్జ్ తర్వాత రాసినదంతా ఈ మాట మీదే నిలబడింది. కార్మికుణ్ని ‘కార్మికుడు’గా మాత్రమే చూడడానికి ఆయన మనసు ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు.

అయినా 1960లలో ఆయన ఆశంతా కార్మిక ఉద్యమం మీదే. ఇటలీ కార్మిక సంఘాల నాయకులు బ్రూనో త్రెంతిన్, విత్తోరియో ఫోవా లాంటివాళ్ల ఆలోచనలు ఆయన్ను గట్టిగా కదిలించాయి. 1964 నాటి పుస్తకంలో ఒక సూత్రం ప్రతిపాదించాడు, వామపక్ష చర్చల్లో అది ఇప్పటికీ బతికే ఉంది. సంస్కరణలు రెండు రకాలు. మొదటి రకం సంస్కరణ వ్యవస్థ ఇవ్వగలిగినంతే అడుగుతుంది. రెండో రకం మనుషుల అవసరం ఎంతో అంత అడుగుతుంది, వ్యవస్థకు అది వీలవుతుందో కాదో చూడదు. గెలిస్తే కార్మికుల చేతికి కొత్త అధికారం వస్తుంది, దాంతో తర్వాతి పోరాటం సులువవుతుంది. జీతం పది శాతం పెంచమనడం మొదటి రకం. పని వేగం ఎంత ఉండాలి, యంత్రాలు ఎలా అమర్చాలి, ఏం తయారు చేయాలి అన్న నిర్ణయాల్లో వాటా అడగడం రెండో రకం. ‘విప్లవం వచ్చేదాకా ఆగుదాం’ అనేవాళ్లకూ, ‘ఉన్నదాంట్లో సర్దుకుందాం’ అనేవాళ్లకూ మధ్య ఆయన వెతికిన దారి ఇది. గోర్జ్ నుంచి ఒక్కటే తీసుకోమంటే చాలామంది ఉద్యమకారులు ఇదే తీసుకుంటారు, అందులో తప్పేమీ లేదు.

1968 తర్వాత అనుమానం మొదలైంది. 1973లో శ్రమ విభజన మీద ఒక వ్యాస సంకలనం తెచ్చాడు. పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో మనిషికి ఒక్కో ముక్క అప్పగించడం ఉత్పత్తి పెంచడానికి కాదని, కార్మికుణ్ని అదుపులో పెట్టడానికని వాదించే అమెరికన్ ఆర్థికవేత్త స్టీఫెన్ మార్గ్లిన్ వ్యాసం కూడా అందులో ఉంది. ఈ వాదనను ఒప్పుకుంటే ఒక చిక్కు వస్తుంది. ఫ్యాక్టరీ నిర్మాణంలోనే, యంత్రం ఆకారంలోనే పెట్టుబడి అధికారం ఇమిడి ఉంటే, రేపు ఆ ఫ్యాక్టరీ కార్మికుల చేతికి వచ్చినా ఏం మారుతుంది? అణువిద్యుత్ కేంద్రాన్నో పెద్ద ఉక్కు కర్మాగారాన్నో కార్మికుల కమిటీ నడిపినంత మాత్రాన, ఒకే మీట దగ్గర ఎనిమిది గంటలు నిలబడే మనిషికి స్వేచ్ఛ రాదు. సోవియట్ అనుభవం ఇదే చెప్పింది. 1980 నాటి వీడ్కోలుకు విత్తనం ఇక్కడే పడింది.

అదే సమయంలో ఆయన పర్యావరణం వైపు తిరిగాడు. ఆర్థిక వృద్ధి ఇలాగే సాగితే భూమి తట్టుకోలేదని హెచ్చరించిన ‘వృద్ధికి హద్దులు’ నివేదిక 1972లో వచ్చింది. ఆ ఏడాదే పారిస్‌లో జరిగిన ఒక చర్చలో, భూమి సమతూకం నిలవాలంటే భౌతిక ఉత్పత్తి పెరగకుండా ఆగడం, అవసరమైతే తగ్గడం కూడా తప్పదు కదా, దీన్ని తట్టుకుని పెట్టుబడిదారీ వ్యవస్థ బతకగలదా అని అడిగాడు. ఉత్పత్తిని, వినియోగాన్ని కావాలనే తగ్గించుకోవాలంటూ నేడు యూరప్‌లో ‘డీగ్రోత్’ పేరుతో నడుస్తున్న ఉద్యమం తన మూలాలను ఈ ప్రశ్నలో వెతుక్కుంటుంది.

1973లో కారు మీద ఒక వ్యాసం రాశాడు. చిన్నదే, కానీ ఆయన పద్ధతి మొత్తం అందులో కనిపిస్తుంది. కారు పుట్టినప్పుడు కొద్దిమంది ధనికుల వస్తువు. అందరూ మట్టిరోడ్డు మీద నెమ్మదిగా పోతుంటే వాళ్లు మాత్రం వేగంగా పోయేవాళ్లు. దాని విలువంతా మిగతావాళ్లకు లేకపోవడంలోనే ఉంది. అందరికీ వచ్చాక ఎవరికీ వేగం మిగలదు. ఈలోపు కారును నమ్ముకుని ఊరు విస్తరిస్తుంది. ఆఫీసు ఒకచోట, ఇల్లు ఒకచోట, బడి ఇంకోచోట. ఇక కారు లేకుండా బతకలేని పరిస్థితి. ఆధునిక సంస్థలను విమర్శించిన ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్ వేసిన లెక్కను గోర్జ్ ఇక్కడ వాడుకున్నాడు. సగటు అమెరికన్ కారు నడపడానికి, దాని ఖర్చులకు కావాల్సిన డబ్బు సంపాదించడానికి కలిపి ఏడాదికి 1,500 గంటలకు పైగా వెచ్చిస్తాడు. తిరిగేది 10,000 కిలోమీటర్లు. అంటే గంటకు ఆరు కిలోమీటర్లు పడుతుంది. నడకకంటే కాస్త ఎక్కువ, అంతే. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి ఇంటికి బయల్దేరినవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. గోర్జ్ ఇక్కడ కారునో, కొనుక్కున్నవాణ్నో తిట్టడం లేదు. సరుకులు ముందు తమ అవసరాన్ని తామే పుట్టించి, తర్వాత ఆ అవసరాన్ని తీర్చే పేరుతో మనిషి కాలాన్ని తినేస్తాయని చూపిస్తున్నాడు.

పర్యావరణవాదుల్లో గోర్జ్ ప్రత్యేకత ఇంకో చోట ఉంది. 1974లోనే ఒక హెచ్చరిక చేశాడు. పెట్టుబడి పర్యావరణాన్ని కూడా జీర్ణం చేసుకోగలదు. కాలుష్య నియంత్రణ ఖర్చు సరుకు ధరలోకి చేరుతుంది, మంచి గాలి, మంచి నీళ్లు డబ్బున్నవాళ్లు కొనుక్కునేవి అవుతాయి, పేదవాళ్లకు ఉన్నవి కూడా అందకుండా పోతాయి. ఇంకోవైపు నిపుణులు, అధికారులు కలిసి ‘భూమిని కాపాడటం’ పేరుతో జనం మీద ఆంక్షలు రుద్దుతారు. మనిషి స్వేచ్ఛను పెంచని పర్యావరణవాదం తనది కాదని అన్నాడు. ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్, గదిలో ఎయిర్ ప్యూరిఫయర్ మధ్యతరగతి నెలవారీ ఖర్చులుగా మారిపోయిన ఈ రోజుల్లో ఆ హెచ్చరిక పాతబడలేదు.

ఈ చింతనలో డోరీన్ జీవితం కూడా కలిసి ఉంది. 1965లో వెన్నెముక చికిత్స కోసం ఎక్స్‌రే తీసేముందు ఆమె శరీరంలోకి ఎక్కించిన ఒక పదార్థం లోపలే మిగిలిపోయి, ఏళ్ల తర్వాత తగ్గని నొప్పిగా మారింది. ఆధునిక వైద్యమే జబ్బుకు కారణమవుతుందన్న ఇలిచ్ విమర్శ వాళ్లకు సిద్ధాంతంగా రాలేదు, ఇంట్లో కళ్ల ముందు కనిపించింది. 1983లో ఉద్యోగం నుంచి విరమించుకుని ఇద్దరూ షాంపేన్ ప్రాంతంలోని వోస్నో అనే పల్లెకు వెళ్లిపోయారు. గోర్జ్ ప్రధాన రచనల్లో చాలా భాగం అక్కడే పూర్తయింది.

ఇక ‘వీడ్కోలు’ దగ్గరికి. కార్మికవర్గానికి చారిత్రక కర్తవ్యం ఉందన్న మాటను మార్క్స్ కార్మికుల జీవితాన్ని గమనించి రాబట్టలేదని, జర్మన్ తత్వవేత్త హెగెల్ నుంచి తెచ్చుకున్నాడని గోర్జ్ వాదించాడు. నిజ జీవితంలో పెట్టుబడి తనకు కావాల్సిన నైపుణ్యాలతో తనకు తగ్గ కార్మికుణ్ని తయారు చేసుకుంది. పైగా కంప్యూటర్లు, ఆటోమేషన్ వచ్చాక స్థిరమైన ఉద్యోగం కొద్దిమందికే మిగులుతోంది. తాత్కాలిక పనులు, పార్ట్‌టైమ్, నిరుద్యోగం మధ్య తిరిగేవాళ్లు పెరుగుతున్నారు. వీళ్లకు చేసే పనితో అనుబంధం లేదు, అది తమ గుర్తింపు అనుకోరు. మార్పును కోరుకునేది వీళ్లే అన్నాడు గోర్జ్. విముక్తి ఇక పనిలో వెతుక్కునేది కాదు, పని నుంచి పొందేది. సమాజానికి తప్పనిసరైన పని కొంత ఉంటుంది, అందులో పూర్తి స్వేచ్ఛ ఉండదు. దాన్ని అందరూ పంచుకుని వీలైనంత తగ్గించాలి. మిగిలిన కాలమంతా మనిషి తనకు నచ్చినట్టు బతకడానికి.

ఎంత తగ్గించాలి? 1983లో ఒక లెక్క చెప్పాడు. జీవితకాలంలో 20,000 గంటలు. పూర్తి సమయం చేస్తే పదేళ్లు, సగం సమయం చేస్తే ఇరవై ఏళ్లు, చేస్తూ మానుతూ ఉంటే నలభై ఏళ్లు. పని చేస్తున్నా లేకపోయినా జీవితమంతా ఆదాయం అందుతుంది. ఊహాలోకంలా అనిపించినా లెక్క వెనుక తర్కం గట్టిది. యంత్రాలు ఆదా చేసిన కాలం ఎక్కడికి పోతోంది? కొందరు ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు, ఉన్నవాళ్లు మునుపటికంటే ఎక్కువ గంటలు చేస్తున్నారు. ఆదా అయిన కాలాన్ని ఇలా పంచడం ప్రకృతి నియమం కాదు, ఒక రాజకీయ నిర్ణయం. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ రోజుకు పది గంటల పనికి దారి తెరిచినప్పుడు, వారానికి 70 గంటలు చేయాలని పారిశ్రామికవేత్తలు యువతకు సలహాలు ఇస్తున్నప్పుడు, ఈ ప్రశ్న మన దగ్గర కూడా అడగాల్సిందే.

1988 నాటి ‘పని రూపాంతరాలు’ ఆయన పుస్తకాల్లో అన్నిటికంటే బరువైనది. అక్కడ జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వేబర్ చెప్పిన ఒక ఉదాహరణను తిరిగి తీసుకున్నాడు. ఒక రైతుకూలీ ఎకరానికి ఒక మార్కు (అప్పటి జర్మన్ నాణెం) చొప్పున రోజుకు రెండున్నర ఎకరాలు కోసి రెండున్నర మార్కులు తెచ్చుకునేవాడు. ఎక్కువ కోస్తాడన్న ఆశతో యజమాని రేటు మార్కుంబావుకు పెంచాడు. కూలీ రెండెకరాలే కోసి, అవే రెండున్నర మార్కులు తీసుకుని ఇంటికెళ్లాడు. యజమానుల కంటికి అది సోమరితనం. గోర్జ్ దృష్టిలో అది పూర్తి తెలివైన ప్రవర్తన. ఆ మనిషి దగ్గర ఒక కొలత ఉంది. తన బతుక్కి ఎంత కావాలో తెలుసు, అంతవరకే తన కాలాన్ని ఇచ్చాడు. పెట్టుబడిదారీ విధానం నిలదొక్కుకోవాలంటే ముందు ఆ కొలతను చెరిపేయాలి. చాలు అనే హద్దు పోయి, ఇంకా అనేదే మిగలాలి. లెక్కకు అందేదే విలువైనది, ఎక్కువైనదే మేలైనది అనే ఈ ఆలోచనా పద్ధతినే గోర్జ్ ఆర్థిక హేతువు అన్నాడు. దాన్ని ఫ్యాక్టరీ గేటు బయటే ఆపగలగాలి. పిల్లల పెంపకంలోకి, స్నేహంలోకి, రోగిని చూసుకునే చోటికి రానివ్వకూడదు. ఆయన రచనలన్నిటిలో ఈ భాగాన్ని మించి మనసును తాకేది లేదు.

ఆ పుస్తకంలోనే ఇంకో గమనింపు ఉంది. కొత్తగా పుట్టే ఉద్యోగాల్లో చాలావరకు సేవక ఉద్యోగాలే అన్నాడు. ఒకడి గంట ఖరీదు ఇంకొకడి గంట ఖరీదుకు ఎన్నో రెట్లున్నప్పుడు, మొదటివాడు తన పనులన్నీ రెండోవాడితో చేయించుకోవడం లాభసాటి అవుతుంది. సమాజానికి దీనివల్ల ఆదా అయ్యే కాలం ఏమీ లేదు. ఒకడికి మిగిలిన గంట ఇంకొకడి దగ్గర పోయిన గంటే. పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చిపెట్టే యాప్ రావడానికి చాలా ముందే ఆయన ఈ ఏర్పాటును పట్టుకున్నాడు.

కనీసాదాయం విషయంలో ఆయన మాట నేరుగా మారింది. 1980లలో షరతుల్లేని ఆదాయాన్ని ఒప్పుకోలేదు. సమాజం నీకు డబ్బిచ్చి నీ నుంచి ఏమీ కోరకపోతే, నువ్వు దానికి అక్కర్లేదని చెప్పినట్టే అనేవాడు. ఆదాయ హక్కుతో పాటు పని హక్కు, పని బాధ్యత ఉండాలి. 1997 నాటి పుస్తకంలో ఈ షరతు తీసేశాడు. ఉత్పత్తిలో తెలివి, మాట నేర్పు, కలుపుగోలుతనం ప్రధానమయ్యాక ఎవరు ఎన్ని గంటలు చేశారో కొలవడమే కుదరదన్నది ఒక కారణం. స్వచ్ఛందంగా చేసే పనులను కూడా ఆదాయానికి షరతుగా పెడితే, వాటిలోని స్వచ్ఛందమే చచ్చిపోతుందన్నది రెండోది. రెండో కారణం బలమైనది. మొదటిది కొంత తొందరపాటు. కాల్‌సెంటర్లలో, గోదాముల్లో సెకన్లతో సహా కొలుస్తూనే ఉన్నారు.

2003లో జ్ఞానం పెట్టుబడిగా మారడం గురించి రాశాడు. జ్ఞానాన్ని పంచితే తరగదు, నకలు తీయడానికి ఖర్చు దాదాపు ఉండదు. దాన్ని సరుకు చేయాలంటే పేటెంట్లతో, బ్రాండ్లతో కృత్రిమంగా కొరత పుట్టించాలి. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో ఆయనకు భవిష్యత్తు కనిపించింది. ఇంకోవైపు ప్రతి మనిషీ తనకు తానే ఒక కంపెనీగా మారి, తన నైపుణ్యాలను, ఆరోగ్యాన్ని, పరిచయాలను కూడా పెట్టుబడిలా పెంచుకోవాల్సి వస్తోందని చూశాడు. ఆఫీసు అయిపోయాక రాత్రి పదింటికి అప్‌స్కిల్లింగ్ కోర్సులో కూర్చునే ఐటీ ఉద్యోగి, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీదికి పంపుతారేమోనన్న టెన్షన్‌తో వారాంతం గడిపే ఉద్యోగి, ఆయన ఎవరి గురించి రాశాడో వెంటనే గుర్తుపడతారు.

డోరీన్ జబ్బు ముదిరింది. 2006లో ఆమెను ఉద్దేశించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ‘ద్రోహి’లో ఆమెను నిస్సహాయురాలిగా చిత్రించి అన్యాయం చేశానని, తన రచనంతా ఆమె అండతోనే సాగిందని అందులో ఒప్పుకున్నాడు. 2007 సెప్టెంబరులో వోస్నోలో భార్యాభర్తలిద్దరూ ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన చివరి వ్యాసాల్లో ఒకటి ఆ రోజుల్లోనే అచ్చయింది. నిజమైన ఉత్పత్తి నుంచి లాభం రాక, పెట్టుబడి బుడగల మీద, అప్పుల మీద బతుకుతోందని, ఇళ్ల ధరల బుడగ పగిలితే బ్యాంకులు కూలతాయని అందులో వాదించాడు. ఏడాది తిరగకుండా అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది.

ఆయన వాదనలో లోపాలు లేవని కాదు. డిజిటల్ యంత్రాలతో ప్రతి ఊరూ తనకు కావాల్సినవి తానే తయారు చేసుకుంటుందని చివర్లో పెట్టుకున్న ఆశ నిజం కాలేదు. ఇంటి పనిని స్వేచ్ఛ ఉండే చోటుగా చూడడం, ఆ పని ఎక్కువగా ఎవరి నెత్తిన పడుతుందో తెలిసిన ఆడవాళ్లకు అంత సులువుగా మింగుడుపడదు. కార్మికవర్గం కరిగిపోతోందన్న మాట పారిస్ నుంచి చూస్తే నిజం. అదే కాలంలో ఆ ఫ్యాక్టరీలు చైనాకు, ఆసియాలోని ఇతర దేశాలకు తరలివెళ్లాయి. మన దేశంలో అయితే పర్మనెంటు ఉద్యోగమన్నది ఎప్పుడూ కొద్దిమందిదే. గోర్జ్ కొత్తగా వస్తోందని భయపడిన అస్థిరత ఇక్కడ మెజారిటీకి పాత సంగతి. గంటలు తగ్గించమనే ముందు బతకడానికి చాలినంత కూలి అడగాల్సిన చోట ఆయన మాటలను అనువదించుకోకుండా వాడలేం.

అన్నిటికంటే పెద్ద ఖాళీ ఇంకోటి. 1964లో ఆయన దగ్గర ‘ఈ మార్పు ఎవరు తెస్తారు’ అన్న ప్రశ్నకు సమాధానం ఉంది, కార్మిక సంఘం అని. 1980 తర్వాత అంత స్పష్టమైన జవాబు మళ్లీ దొరకలేదు. పనితో అనుబంధం లేనివాళ్లు చెల్లాచెదురుగా ఉంటారు, వాళ్లు ఒకచోట కూడి దేన్ని ఆపగలరు? ఈ విషయంలో చరిత్ర ఆయన సిద్ధాంతానికి ఎదురు నడిచింది. 1984లో వారానికి 35 గంటల పని కావాలంటూ పశ్చిమ జర్మనీ లోహ పరిశ్రమ కార్మికులు వారాల తరబడి సమ్మె చేశారు. ముందు 38.5 గంటలు సాధించి, మెట్టుమెట్టుగా 1995 నాటికి 35కు చేరారు. గోర్జ్ కోరిన కాలాన్ని యజమానుల చేతుల్లోంచి లాక్కున్నది, నాలుగేళ్ల ముందు ఆయన వీడ్కోలు చెప్పిన ఆ కార్మికులే.